గ్లుటమేట్ సినాప్స్ మోడల్ కిట్: మెగ్నీషియం మూత కోసమైనా కొనొచ్చు

విజయవాడ ఏలూరు రోడ్డులో సైన్స్ చార్టులు, మోడళ్లు అమ్మే ఒక షాపులో ఈ కిట్ రూ. 1,450కి దొరుకుతోంది. రెండు నాడీకణాలు కలిసే చోట (సినాప్స్) గ్లుటమేట్ అనే రసాయనం సంకేతాన్ని ఎలా దాటిస్తుందో చూపించే మోడల్ ఇది. పెట్టెలో రెండు థర్మోకోల్ పొరలు, రంగురంగుల రిసెప్టర్ (గ్లుటమేట్‌ను అందుకునే ప్రొటీన్) ముక్కలు, గ్లుటమేట్‌కు గుర్తుగా 40 ఎర్ర పూసలు, రెండు బటన్ అయస్కాంతాలు, ఒక నాబ్, ఊదా రంగు పిన్ను, మడతపెట్టిన సూచనల కాగితం ఉంటాయి. ఫస్టియర్ ఎంబీబీఎస్, నర్సింగ్, బీఫార్మసీ పిల్లలకు ఫిజియాలజీ చెప్పేవాళ్లకు పనికొచ్చే వస్తువే. కాకపోతే కొన్ని సవరణలు చేసుకోక తప్పదు.

కిట్‌కి ప్రాణం ఎన్‌ఎండీఏ అనే రకం రిసెప్టర్, మధ్యలో అయాన్లు వెళ్లే దారి (ఛానల్) ఉన్నది. బోర్డు మీద ఎంత గీసినా పిల్లలకు ఎక్కని విషయం ఇక్కడ చేతికి తగులుతుంది. గ్లుటమేట్ అంటుకుని ఛానల్ తెరుచుకున్నా, గొంతులో వెలక్కాయ పడ్డట్టు మెగ్నీషియం అడ్డంగా ఉంటుంది. కణం లోపల మైనస్ 70 మిల్లీవోల్టులు ఉన్నంతసేపు ఆ ప్లస్ అయాన్ లోపలికి లాగబడి దారిలోనే ఇరుక్కుంటుంది. పక్కనున్న ఆంపా అనే మరో రకం గ్లుటమేట్ రిసెప్టర్లు తెరుచుకుని సోడియం లోపలికి వస్తే ఓల్టేజీ పెరుగుతుంది, మెగ్నీషియం బయటికి నెట్టబడుతుంది. అప్పుడే కాల్షియం లోపలికి వెళుతుంది. గ్లుటమేట్ రావడం, కణం అప్పటికే ఉత్తేజపడి ఉండటం, రెండూ ఒకేసారి జరగాలి. 1973లో శాస్త్రవేత్తలు బ్లిస్, లోమో కుందేలు హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) చూపించిన ఎల్‌టీపీని (సినాప్స్ చాలాసేపు బలపడి ఉండటం) ఇప్పుడు వివరించాలంటే చాలా సినాప్సుల్లో ఈ మూత దగ్గరే మొదలుపెట్టాలి.

కిట్‌లో ఈ మూత ఒక బటన్ అయస్కాంతం. రెండోది పొర కింద నాబ్‌కు అతికించాలి. నాబ్ మైనస్ 70 గుర్తు మీద ఉంటే బటన్‌ను కిందికి లాగుతుంది, మైనస్ 30 వైపు తిప్పితే పైకి తోస్తుంది. కాగితంలో ఏ ముఖం పైకి రావాలో రాయలేదు. తిరగేసి అతికిస్తే మైనస్ 70 దగ్గరే మూత ఎగిరిపోతుంది, పాఠం తలకిందులవుతుంది. అందుకే ముందు చేత్తో పట్టుకుని చూసుకోండి, ఆ తర్వాతే గమ్ వేయండి. క్షణాల్లో పట్టేసే గమ్ వాడితే థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. తెల్ల ఫెవికాల్ వేసి రాత్రంతా ఆరనివ్వండి. ఇంకో ఇబ్బంది ఉంది: ఛానల్ గొట్టం కాస్త వదులు. బటన్ లోపలే పల్టీ కొట్టి, తోయాల్సిన చోట అతుక్కుపోతుంది. గొట్టం లోపలి అంచుకు తెల్ల కాగితం ఒక చుట్టు అంటిస్తే సరిపోతుంది.

ఇక తప్పులు. ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌లో నాలుగు ముక్కలు సరిగానే ఇచ్చారు, రెండు గ్లూఎన్1, రెండు గ్లూఎన్2. కానీ గ్లుటమేట్ పూసలకు నాలుగింటిలోనూ గుంటలు పెట్టారు. గ్లుటమేట్ కూర్చునేది గ్లూఎన్2 మీద, గ్లూఎన్1 మీద కూర్చునేది గ్లైసిన్ (లేదా డి-సెరిన్). రెండూ ఉంటేనే ఛానల్ తెరుచుకుంటుంది. బీసెంట్ రోడ్డులో దొరికే ఆకుపచ్చ బొట్టుబిళ్లలు రెండు గ్లూఎన్1 గుంటల మీద అంటిస్తే గ్లైసిన్ వచ్చినట్టే. ఆంపాకు మాత్రం నాలుగు గుంటలూ సరైనవే. చాలా ఆంపా రిసెప్టర్లు కాల్షియాన్ని దాదాపు రానివ్వవు. గ్లూఎ2 ముక్కలో ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ వల్ల గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం స్థానంలో ఆర్జినిన్ వచ్చి, దాని ప్లస్ చార్జి కాల్షియాన్ని ఆపుతుంది. కాగితంలో ఈ మాట ఒక్క ముక్క కూడా లేదు. సెనగపిండిలో కల్తీగా కలిపే కేసరి పప్పులోని విషపదార్థం ఓడాప్ ఆంపా రిసెప్టర్లనే అతిగా రెచ్చగొడుతుందని ఇక్కడ కలిపి చెబితే పిల్లలు మర్చిపోరు.

క్షమించలేనిది ఎంగ్లూఆర్ (మెటబోట్రోపిక్ గ్లుటమేట్ రిసెప్టర్) ముక్క. దాని మధ్యలో కూడా రంధ్రం పెట్టారు! అది అయాన్ ఛానల్ కాదు, రెండేసి ముక్కలు జతకట్టి, కణం లోపల సంకేతం అందించే జీ-ప్రొటీన్‌ను కదిలించే రిసెప్టర్. మొత్తం ఎనిమిది రకాలు. 1, 5 ఎక్కువగా గ్రహించే కణం వైపు, మిగతావి చాలావరకు గ్లుటమేట్ విడుదల చేసే వైపు ఉండి ఆ విడుదలను తగ్గిస్తాయి. రంధ్రాన్ని బంకమట్టితో పూడ్చేయండి.

ఇంకో రకం గ్లుటమేట్ రిసెప్టర్ కైనేట్ లేదు, నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్ కణం కూడా లేదు. రెండోదే పెద్ద లోటు. ఎసిటైల్‌కోలిన్ అనే మరో సంకేత రసాయనానికి ఉన్నట్టు సినాప్స్‌లోనే విరగ్గొట్టే ఎంజైమ్ గ్లుటమేట్‌కు లేదు, ట్రాన్స్‌పోర్టర్లు (కణంలోకి మోసుకెళ్లే ప్రొటీన్లు), ముఖ్యంగా ఆస్ట్రోసైట్లవి, పీల్చుకోవాల్సిందే. పక్షవాతంలో రక్తం ఆగి ఈ పని కుంటుపడితే గ్లుటమేట్ పేరుకుపోయి, కాల్షియం లోపలికి ముంచెత్తి కణాలు చనిపోతాయి. పూసలు తిరిగి వేయడానికి ఒక చిన్న డబ్బా పక్కన అతికిస్తే ఈ భాగం చూపించొచ్చు.

ఊదా పిన్ను కెటమిన్, అంటే ఎన్‌ఎండీఏ ఛానల్‌ను మూసే మత్తుమందు. మూత తీశాకే గొట్టంలోకి దిగుతుంది, అది సరైనదే.

కొనేముందు కౌంటర్ దగ్గరే పెట్టె తెరిచి, బటన్ అయస్కాంతాలు రెండూ ఉన్నాయో లేదో, నాబ్ పూర్తిగా తిరుగుతుందో లేదో చూడండి. విడిభాగాలు అక్కడ అమ్మరు.