మా వార్డు రేషన్ డిపో: అయిదుకు మూడు మార్కులు

విశాఖ కంచరపాలెంలో మా వీధి చివర ఉన్న డిపో ఇది. నంబరు రాయను, డీలరు రోజూ ఎదురుపడే మనిషి.

2025 జూన్‌లో రేషన్ బండ్లు ఆపేసి మళ్లీ డిపోల్లో ఇవ్వడం మొదలుపెట్టాక నాకు ప్రాణం హాయిగా ఉంది. ఒకటి నుంచి పదిహేనో తేదీ దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. బండి రోజుల్లో కేక వినబడగానే కుట్టు సగంలో వదిలి పరుగెత్తేవాణ్ణి. 65 దాటిన మా అత్తగారికైతే ఇంటికే తెచ్చి ఇచ్చారు, టీ డబ్బులు కూడా అడగలేదు.

బియ్యంలో పురుగు లేదు గానీ నూక ఎక్కువ. అన్నం ముద్దవుతుంది, దోసెలకు భేషుగ్గా ఉంటాయి. కందిపప్పు సంగతి అడగకండి.

అసలు గొడవ తూకం దగ్గర. కాటా అంకెలు డీలరు వైపు తిరిగి ఉంటాయి. "ఇటు తిప్పు బాబూ" అన్నాను. తిప్పాడు. మా నలుగురికీ రావలసిన 20 కిలోలకు సంచితో కలిపి 19.6 చూపించింది. మాట్లాడకుండా ఇంకో డబ్బా పోశాడు. నా వెనకావిడ వంతు రాగానే కాటా మళ్లీ అటు తిరిగింది. "సర్కారు గోదాము నుంచి వచ్చే బస్తాలోనే తరుగు అన్నా, ఆ లోటు నా చేతి నుంచి పెట్టుకోనా?" అన్నాడు. అది అబద్ధమని నేను అనలేను.

ఇంకొందరు వేలిముద్ర వేసి, బియ్యం ముట్టుకోకుండా డీలరు దగ్గర కిలోకు పన్నెండు రూపాయల చొప్పున డబ్బు పుచ్చుకుని వెళ్తారు. ఇద్దరికీ లాభమే కాబట్టి ఫిర్యాదు చేసేవాడే ఉండడు. మనిషి వచ్చాడా లేదా అన్నదే మిషనుకు తెలుసు, బియ్యం ఎటు పోయాయో దానికెందుకు? 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ దగ్గరికి ఉప ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లవలసి వచ్చింది, ఇలాంటి రేషన్ బియ్యం ఓడ ఎక్కిందన్న గొడవ మీదే.

మా బావ దీన్ని పట్టుకుని, సర్కారు డిపోలు ఉండాలనే నన్ను "ఇదేనా నీ సోషలిజం?" అంటాడు. ఆయన బండికి పెట్రోలు తక్కువ కొట్టిన బంకు ప్రైవేటుదే, అది గుర్తు రాదు. అయినా ఆయన మాటలో సగం ఒప్పుకుంటాను. ఒకే సరుకుకు సర్కారు ధర ఒకటి, బజారు ధర ఒకటి ఉంటే మధ్యలో ఎవడో ఒకడు పుట్టుకొస్తాడు. సోవియట్ దుకాణాల్లోనూ మంచి సరుకు వెనక గుమ్మం నుంచి తెలిసినవాళ్లకు పోయేది, వరుసలో నిలబడ్డవాడికి వేరే దారి పెద్దగా ఉండేది కాదు.

మాకు ఉంది. కార్డు రాష్ట్రంలో ఏ డిపోలోనైనా చెల్లుతుంది. ఓ నెల మా వీధివాళ్లు చాలామంది రైలు గేటు అవతలి డిపోకు వెళ్లిపోయారు. మా డీలరు కమీషన్ పడిపోయింది, మరుసటి నెల మా వాడి కాటా జనం వైపు తిరిగింది. 2013 ఆహార భద్రత చట్టంలో ప్రతి డిపోకూ నిఘా కమిటీ ఉండాలని ఉంది. మా వార్డులో అది ఒక్కసారి కూర్చున్నా ఇంకో మార్కు వేసేవాణ్ణి.

వెళ్లేవాళ్లు మొదటి వారంలోనే వెళ్లండి, పంచదార త్వరగా అయిపోతుంది. సంచి మీదే తీసుకెళ్లండి, ముందు ఖాళీ సంచి తూచమనండి.