విశ్వవిద్యాలయానికి ఏది మేలు: హైకోర్టులో స్టాండింగ్ కౌన్సిలా, సొంత న్యాయాధికారా?

రాష్ట్ర విశ్వవిద్యాలయం రాజ్యాంగం 12వ అధికరణం ప్రకారం ‘రాజ్యం’ నిర్వచనంలోకి వస్తుంది. అందువల్ల అది తీసుకున్న నిర్ణయాన్ని విద్యార్థి గాని, అధ్యాపకుడు గాని, అనుబంధ కళాశాల యాజమాన్యం గాని 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టులో సవాలు చేయవచ్చు. ఈ రిట్ పిటిషన్లను ఎదుర్కోవడానికి స్టాండింగ్ కౌన్సిల్‌ను, అంటే వర్సిటీ తరఫున హైకోర్టులో వాదించే న్యాయవాదిని, నియమించుకోవడం ఒక మార్గం, క్యాంపస్‌లోనే పూర్తికాలపు న్యాయాధికారిని (లా ఆఫీసర్‌ను) జీతానికి పెట్టుకోవడం మరొకటి.

స్టాండింగ్ కౌన్సిల్ రోజూ కోర్టులో ఉంటారు. ఏ కేసు ఏ బెంచి ముందుకు వస్తున్నదో ఆయనకు తెలుస్తుంది, ఉదయం దాఖలైన అత్యవసర పిటిషన్‌కు మధ్యాహ్నమే హాజరు కాగలరు. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుపడి అమరావతిలో ఏర్పాటైన తరువాత, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి కోర్టు దగ్గర ఒక మనిషి ఉండడం తప్పనిసరి అవసరం. హైదరాబాదులోనే ఉన్న ఉస్మానియాకు ఈ దూరభారం లేదు.

అయితే కౌన్సిల్ చేతికి కాగితాలు అందేసరికి తప్పు జరిగిపోయి ఉంటుంది. కౌంటర్ (పిటిషన్‌కు జవాబు) దాఖలు చేయాలంటే సంబంధిత సెక్షన్ నుంచి పేరావైజ్ రిమార్కులు, అంటే పిటిషన్‌లోని ఒక్కో పేరాకు ఇచ్చే వివరణ, రావాలి. అవి నెలల తరబడి రాకపోతే, ఎంత సమర్థుడైన న్యాయవాది అయినా వాయిదా కోరడం తప్ప చేయగలిగింది తక్కువ, ఈలోగా మధ్యంతర ఉత్తర్వు కొనసాగుతూనే ఉంటుంది.

సొంత న్యాయాధికారికి ఉన్న పరిమితి చట్టపరమైనది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం ప్రకారం పూర్తికాలపు జీతగాడైన ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డు న్యాయాధికారి కేసులో సుప్రీంకోర్టు 2001లో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అంటే ఆయన్ని నియమించుకున్నంత మాత్రాన కోర్టు ఖర్చు తప్పదు.

అయినా నా దృష్టిలో ముందుగా డబ్బు పెట్టవలసింది ఇక్కడే, ఎందుకంటే వర్సిటీ కేసులు చాలావరకు ఫైలులోనే ఓడిపోతాయి. క్రమశిక్షణ చర్యనే తీసుకోండి: విచారణాధికారి నివేదిక ప్రతిని, దానిపై క్రమశిక్షణాధికారి ఒక నిర్ణయానికి రాకముందే, ఉద్యోగికి ఇవ్వాలని మన హైదరాబాదు సంస్థ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. ఆ ఒక్క ప్రతి ఇవ్వకపోవడం, అందువల్ల ఉద్యోగికి నష్టం జరిగినట్లు తేలితే, శిక్షను రద్దు చేయించి, విచారణను మళ్లీ ఆ నివేదిక ఇచ్చే దశకు తెస్తుంది. జవాబుపత్రాల సంగతీ అంతే. అభ్యర్థి తన జవాబుపత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూడవచ్చని 2011లో సుప్రీంకోర్టు తీర్పు ఉండగా, పరీక్షల విభాగం పాత అలవాటు కొద్దీ తిరస్కరిస్తే తలనొప్పి అనవసరంగా కొనితెచ్చుకున్నట్టే. ఇటువంటి ఉత్తర్వులు సంతకానికి వెళ్లకముందే చదివి ఆపగలిగేది పక్క గదిలో ఉన్న న్యాయాధికారి మాత్రమే. అయితే ఆ పదవికి రిజిస్ట్రార్ సంతకం చేయబోయే ఫైలును వెనక్కి పంపే అధికారం ఉండాలి. లేకపోతే అది కేసుల రిజిస్టరు రాసే గుమాస్తా ఉద్యోగంగా మిగిలిపోతుంది.

కనుక చిన్న వర్సిటీ అయితే కేసుకింత ఫీజు చొప్పున ఒక స్టాండింగ్ కౌన్సిల్‌ను ఉంచుకుని, నికరమైన జీతాన్ని న్యాయాధికారికి కేటాయించడం మేలు. ఒప్పంద అధ్యాపకుల క్రమబద్ధీకరణ వంటి వ్యాజ్యాలు వేరు. సక్రమ నియామక ప్రక్రియ లేకుండా చేరిన తాత్కాలిక, ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణను హక్కుగా కోరలేరన్న 2006 నాటి సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు చుట్టూ తిరిగే ఆ వాదనల ఫలితం ఒకేసారి వందలాది కుటుంబాల మీద, వర్సిటీ బడ్జెట్ మీద పడుతుంది. అటువంటి కేసులకు మాత్రం సీనియర్ న్యాయవాదిని ప్రత్యేకంగా నియమించుకోవడానికి పాలకమండలి వెనుకాడకూడదు.