బరంపురంలో కొన్న 555 కిట్: ఆరో కాలు చూసుకోండి

కొనొచ్చా అంటే కొనొచ్చు, కానీ లోపల ఇచ్చిన వైరింగ్ బొమ్మని (ఏ వైరు ఎక్కడ కలపాలో చూపే కాగితాన్ని) నమ్మి కలిపితే మాత్రం ఒక సాయంత్రం పోతుంది, మాకు పోయింది. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడి కోసం బరంపురంలో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ షాపులో 180 రూపాయలకి ఈ ఫ్లిప్-ఫ్లాప్ (ఒకసారి నొక్కితే ఆ స్థితిలోనే నిలిచిపోయే సర్క్యూట్) కిట్ తీసుకుని పర్లాకిమిడి తెచ్చాను. బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే పలక), 555 ఐసీ (ఎనిమిది కాళ్లున్న చిన్న చిప్), రెండు బటన్లు, ఎల్ఈడీ, రెసిస్టర్లు ఉన్నాయి. బ్యాటరీ మనమే కొనుక్కోవాలి.

1972లో సిగ్నెటిక్స్ అమ్మకానికి తెచ్చిన చిప్ ఇది, ఇప్పటికీ పిల్లలకి ఇంతకంటే మంచి మొదలు లేదని నా నమ్మకం. లోపల మూడు సమానమైన రెసిస్టర్లు సప్లైని మూడు వాటాలు చేస్తాయి, అంటే 9 వోల్టుల బ్యాటరీ పెడితే 3 దగ్గర ఒక గీత, 6 దగ్గర ఒక గీత అనుకోండి. రెండో కాలి వోల్టేజీని 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పైకి పట్టి ఉంచుతుంది, బటన్ నొక్కగానే అది 3 కిందకి పడిపోతుంది, మూడో కాలి దగ్గర అవుట్‌పుట్ లేచి ఎల్ఈడీ వెలుగుతుంది. వేలు తీసేసినా ఆరదు! నాలుగో కాలి బటన్ నొక్కితేనే ఆరుతుంది. "మావయ్యా, వదిలేశాను కదా, దీనికి ఎలా గుర్తుంది?" అని వాడు అడిగినప్పుడు నాకు 180 రూపాయలూ వచ్చేసినట్టే అనిపించింది. బటన్ లోపల రేకు అదిరి పదిసార్లు తగిలినా ఇబ్బంది లేదు, మొదటి తాకిడికే నిలబడిపోతుంది.

ఇక లోపం. బొమ్మలో ఆరో కాలిని దేనికీ కలపకుండా గాల్లో వదిలేశారు. ఆ కాలి దగ్గర వోల్టేజీ 6 దాటితే చిప్ అవుట్‌పుట్‌ని దించేస్తుంది, అందుకే మావాడి చెయ్యి బోర్డుకి తగిలినప్పుడల్లా లైటు ఆరిపోయేది. ఐసీ పాడైందని వాడు ఏడుపు ముఖం పెట్టాడు. ఒక చిన్న వైరుతో ఆరో కాలిని గ్రౌండ్‌కి (బ్యాటరీ మైనస్ వైపుకి) కలిపాను, అంతే, కుదురుకుంది. ఏడో కాలిని మాత్రం అలాగే వదిలేయొచ్చు.

షాపాయనకి ఫోన్ చేస్తే చక్కటి తెలుగులో ఓపిగ్గా విన్నారు, బొమ్మ మార్పిస్తానన్నారు. మీరు కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే కాగితం విప్పి, ఆరో కాలి నుంచి గ్రౌండ్‌కి గీత ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పెన్నుతో గీసి పిల్లలకి ఇవ్వండి.