మూడేళ్లు వాడిన ఎపాక్సీ బల్ల, ఒక పులిహోర గిన్నె

రాజమహేంద్రవరంలో మా పాత పెంకుటిల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు తలుపు రెక్కలలో రెండింటిని వడ్రంగి చేత జత చేయించి, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల భోజనాల బల్లగా మార్చి, దాని మీద, హార్డెనర్ అనే మరో ద్రవం కలిపితే గట్టిపడే పారదర్శకమైన ఎపాక్సీ రెసిన్‌ను నేనే పోసుకుని మొన్న ఫిబ్రవరికి మూడేళ్లు నిండాయి. కొత్తలో బల్లను చూసి అడిగిన వారందరికీ మరో ఆలోచన లేకుండా పోసుకోమని చెప్పాను. ఇప్పుడు ఆ మాటకు వేడికి సంబంధించిన ఒక షరతు చేర్చక తప్పడం లేదు.

రెసిన్, హార్డెనర్ల పాళ్లు డబ్బా మీదే ఉంటాయి కనుక మళ్లీ రాయను. డబ్బా మీద లేని సంగతి ఒకటుంది. పొద్దెక్కేకొద్దీ కర్ర వేడెక్కి, లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది. అందుకే ముందురోజు పలుచని పూతతో కర్ర రంధ్రాలను, మేకుల బెజ్జాలను మూసి, మర్నాడు దానిని ఉప్పు కాగితంతో గరుకు చేసి, అసలు పోతను ఎండ దిగిన తర్వాత పోశాను. రెండు మిల్లీమీటర్ల మందానికి సుమారు మూడు కిలోలు పట్టింది. బుడగలు దాదాపు రాలేదు గానీ, లైటు వెలుతురుకు వచ్చిన చిన్న దీపపు పురుగు ఒకటి అందులో పడి, రెక్కలు చాచుకుని ఇప్పటికీ తూర్పు మూలన అలాగే ఉంది. తీయబోతే గుంట పడుతుందని వదిలేశాను.

ఏడాదిన్నర పాటు ఏ ఫిర్యాదూ లేదు. పప్పుచారు ఒలికినా, పచ్చడి నూనె కారినా తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. ఆ తర్వాత ఒక పండుగనాడు, ఇంటి నిండా చుట్టాలున్న సమయంలో, మా పిన్ని పులిహోర కోసం వార్చిన అన్నం అల్యూమినియం గిన్నెను పొయ్యి మీద నుంచి తెచ్చి నేరుగా బల్ల మీద పెట్టింది. పది నిమిషాల తర్వాత ఎత్తబోతే గిన్నె క్షణంసేపు అంటుకుని, 'టప్'మని ఊడింది. దాని అడుగు అంచు గుండ్రంగా, గోరు దిగేంత లోతున బల్ల మీద అచ్చుపడింది.

ఇందులో పిన్ని తప్పేమీ లేదు. గట్టిపడిన ఎపాక్సీ కరగదు గానీ, ఒక వేడి దాటితే మెత్తబడుతుంది. ఇళ్లలో బల్లల మీద పోసే రకాలలో చాలావాటికి ఆ హద్దు 50, 60 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. నేను కొన్న డబ్బా మీద వేడిని తట్టుకుంటుందన్న మాట ముందువైపు పెద్ద అక్షరాలతోనూ, ఎన్ని డిగ్రీల వరకో వెనుకవైపు చీమ తలకాయంత అక్షరాలతోనూ ఉంది. నా కోపమంతా ఆ అక్షరాల మీదే.

అనుకోని ఊరట కూడా ఆ మెత్తబడే గుణంలోనే దొరికింది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఆ చోటును నెమ్మదిగా వేడి చేస్తే, మెత్తబడిన రెసిన్ తన పాత ఆకారానికి తిరిగి రావడానికి ప్రయత్నించి, గుంట సగానికి పైగా పైకి లేచింది. మిగిలినదానిని 400తో మొదలుపెట్టి 2000 నంబరు దాకా, నీటితో తడిపి వాడే ఉప్పు కాగితాలతో రుద్ది, కార్లకు వాడే పాలిష్‌తో మెరుగు పెట్టాను. ఎదురుగా చూస్తే కనిపించదు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడితే మాత్రం నెలవంకలాంటి మసక గీత తెలుస్తుంది.

కొత్తలో నేను అద్దంలా ఉందన్న మెరుపు కూడా ఇప్పుడు స్టీలు కంచాల సన్నని గీతలతో కొంత తగ్గింది. కిటికీ వైపు రెసిన్ తేనె రంగుకు తిరిగింది. కింద టేకు కనుక అది నాకు అందంగానే ఉంది. తెల్లని బల్ల అయితే ఇలా అనేవాడిని కాదేమో. మా ఇంట్లో నలుగురమే, కాబట్టి అటకెక్కిన చుట్టకుదుళ్లను దింపి సరిపెట్టుకున్నాం. రోజూ పదిమంది కూర్చుని, పొయ్యి దింపిన గిన్నెలు వరుసగా వచ్చే ఇంటికి దీనిని చెప్పడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. మా దగ్గర మిగిలిన మూడో రెక్కను పిల్లల చదువు బల్లగా చేయించాలనుకుంటున్నాం, దాని మీద మళ్లీ ఎపాక్సీయే పోస్తాను. అక్కడికి అన్నం గిన్నెలు రావు.