డయాప్టర్ రింగుకు తాళం లేదు: నాలుగేళ్ళు వాడిన చిన్న బైనాక్యులర్‌పై సమీక్ష

ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, 25 మిల్లీమీటర్ల వస్తుకటకాలు (ముందు వైపు ఉండే కటకాలు) గల ఈ చిన్న బైనాక్యులర్‌ను నేను నాలుగేళ్ళకు పైగా వాడుతున్నాను. తయారుచేసిన సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం, ఇదే తరగతిలో నేను చేతిలోకి తీసుకుని చూసిన మరికొన్నింటిలోనూ ఉంది. ఆ లోపం కుడి కంటి గొట్టం మీది డయాప్టర్ రింగుది, అంటే ఆ ఒక్క కంటికి ఫోకస్‌ను విడిగా సర్దే రింగుది. గాజు విషయంలోనూ పూతల విషయంలోనూ అంత శ్రద్ధ పెట్టినవారు, ఒక్క రింగును కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు చేయకపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

బొమ్మ నాణ్యతకు వంక పెట్టలేను. సన్నటి, తిన్నని గొట్టాలలో బొమ్మను నిటారుగా తిప్పే రూఫ్ పట్టకాలకు, కాంతి తరంగాల మధ్య వచ్చే తేడాను సరిచేసి బొమ్మను తేటపరిచే ఫేజ్ పూతను జర్మనీకి చెందిన జైస్ సంస్థ 1988లో తెచ్చిన తర్వాతే ఇలాంటి సన్నటి గొట్టాలలో ఇంత తేటదనం సాధ్యమైంది. ఆ ఫలితం ఇందులో నిండుగా కనిపిస్తుంది.

ఏడాదిన్నర గడిచాక ఆ తేటదనంలో ఏదో తేడా వచ్చింది. మసక అనడానికి వీలు లేదు. ఫోకస్ చక్రం తిప్పితే బొమ్మ కుదురుకుంటున్నట్టే ఉండేది, కానీ సరిగ్గా ఎక్కడ ఆపాలో వేలికి తెలిసేది కాదు. ముందుకూ వెనక్కూ తిప్పుతూనే ఉండేవాణ్ణి. పది నిమిషాలు చూస్తే కనుబొమల నడుమ లాగుతున్నట్టు నొప్పి మొదలయ్యేది. అంతకు కొద్ది వారాల ముందు అది మోకాలి ఎత్తు నుంచి మట్టి నేల మీద పడింది కాబట్టి, లోపల పట్టకం జరిగి రెండు గొట్టాల వరుస తప్పిందని అనుకున్నాను. దూరాన అడ్డంగా సాగే కరెంటు తీగను చూస్తూ, బైనాక్యులర్‌ను కళ్ళ నుంచి మెల్లగా వెనక్కి జరిపి, రెండు బొమ్మలలోనూ తీగ ఒకే ఎత్తులో ఉందో లేదో పరీక్షించాను. తేడా ఏమీ కనిపించలేదు. అయినా మనసు ఒప్పక మరమ్మతుకు పంపాను. ఆరు వారాల తర్వాత, వరుస సరిగానే ఉందన్న ఒక్క వాక్యంతో అది తిరిగి వచ్చింది. ఆ వాక్యం నిజమే. అయితే వారు పరీక్ష ముగించి రింగును సున్నా దగ్గర పెట్టి పంపారు, నేను దాని వంక చూడనే లేదు. ఈసారి కంటి వైద్యుని దగ్గరకు వెళ్ళాను. చూపులో మార్పు లేదన్నారు.

ఒక ఉదయం చెరువు గట్టున కూర్చుని లకుముకి పిట్టను చూస్తుండగా, ఎడమ పక్క నుంచి ఎండ నేరుగా పడి ఆ కన్ను మూసుకోవలసి వచ్చింది. కుడి కంటికి పిట్ట లేదు, నీలి మరక ఒకటి ఉంది. రింగును కొంచెం తిప్పగానే ఆ మరకకు ముక్కు వచ్చింది, కన్ను వచ్చింది, రొమ్ము మీది ఈకలు విడివిడిగా వచ్చాయి. అన్ని నెలల తలనొప్పికి కారణం అంత చిన్న కదలిక అని తెలిసినప్పుడు సంతోషం కంటే కోపమే ఎక్కువ కలిగింది.

రెండు కళ్ళ చూపులో ఉండే తేడాను సర్దడమే ఆ రింగు పని. రింగు తన చోటు నుంచి కదిలిపోతే ఒక కంటికి తేట బొమ్మ, మరో కంటికి మసక బొమ్మ అందుతాయి. మెదడు తేటగా ఉన్నదానినే ఎక్కువగా పట్టించుకుంటుంది కనుక తప్పు బయటపడదు, కళ్ళకు అలసట మాత్రం మిగులుతుంది. దూరంలో ఒకదాని వెనుక ఒకటిగా విడివిడిగా కనిపించే కొమ్మలు, ఒకే పలక మీద గీసినట్టు అతుక్కుపోతాయి. రింగు ఎలా జరుగుతోందో తెలుసుకోవడానికి బైనాక్యులర్‌ను పదిసార్లు దాని సంచిలో పెట్టి తీశాను. నాలుగుసార్లు కదిలింది. మడత పెట్టినప్పుడు రింగు మీది రబ్బరు గాట్లు సంచి మూతికి ఒరుసుకుంటున్నాయి. అవి వేలికి పట్టు దొరకాలని పెట్టిన గాట్లే.

ఇప్పుడు రింగు మీద ఒకటి, గొట్టం మీద ఒకటి తెల్లటి గోళ్ళ రంగుతో చుక్కలు పెట్టాను, రెండింటినీ కలిపి సన్నటి రబ్బరు బ్యాండు వేశాను. బ్యాండు ఎండకు ఎండి కొన్నాళ్ళకు తెగిపోతుంది, మళ్ళీ వేయాలి. మొదటి ఏడాది నేను దీనిని చూపించి, జేబులోంచి తీసి కళ్ళకు పెట్టుకోవడమే, ఇంకేమీ చేయనక్కర లేదని చాలామందికి చెప్పాను. నిజానికి రెండు మడతలు విప్పాలి, కళ్ళ మధ్య దూరం కుదుర్చుకోవాలి, ఆపైన చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడాలి. ఈలోగా పిట్ట ఎగిరిపోయిన రోజులున్నాయి. సాయంత్రం కూడా బాగానే కనిపిస్తుందన్న మాటనూ కొంత తగ్గించుకోవాలి. 25ను ఎనిమిదితో భాగిస్తే బయటికి వచ్చే కాంతి పుంజం వెడల్పు సుమారు 3.1 మిల్లీమీటర్లు, పగటి వేళ కంటిపాపకు అది చాలుతుంది, పొద్దు వాలి పాప విచ్చుకున్నాక చాలదు.

ఈ కోపం అందరికీ వర్తించకపోవచ్చు. నా రెండు కళ్ళ మధ్య తేడా ఎక్కువ, పైగా కళ్ళద్దాలు తీసి చూస్తాను. అందువల్ల నా అమరిక సున్నాకు చాలా దూరంలో, గుర్తు లేని చోట ఉంటుంది. కళ్ళద్దాలతోనే చూసేవారికి అది సాధారణంగా సున్నాకు దగ్గరలోనే ఉంటుంది కాబట్టి, రింగు జరిగితే చూడగానే తెలుస్తుంది. సంచి లేకుండా మెడలో వేసుకునేవారికి ఈ ఇబ్బంది అసలు రాకపోవచ్చు. కొనేముందు మాత్రం ఆ రింగును చిటికెన వేలితో ఒకసారి తోసి చూడండి. ఫోకస్ చక్రాన్ని పైకి లాగితే తప్ప డయాప్టర్ మారని నమూనాలు ఉన్నాయి. వాటిలో నేను చూసినవన్నీ పెద్దవే. 32 మిల్లీమీటర్ల కటకాలున్న అలాంటిదొకటి ఈమధ్య రెండు వారాలు అరువు తెచ్చుకుని వాడాను. తలనొప్పి లేదు, సాయంత్రాలు వెలుగుగా ఉన్నాయి. బరువు మాత్రం దీనికి దాదాపు రెట్టింపు, చొక్కా జేబులో పట్టదు. అందుకే ఇంకా నిర్ణయించుకోలేదు, ఈలోగా నిన్ననే కొత్త రబ్బరు బ్యాండు వేశాను.