నాన్నకి ఈసీజీ ఈ హాస్పిటల్లో తీయించాం, అప్పటికిగానీ అసలు సంగతి తెలీలేదు

మా నాన్నకి 67. రెండు నెలలుగా కళ్ళు తిరుగుతున్నాయి అంటూనే ఉన్నారు, ఒకరోజు బాత్రూం దగ్గర కూలబడిపోయారు. ముందు వేరే చోట ఈసీజీ తీయిస్తే మెషీనే పైన "ఫస్ట్ డిగ్రీ ఏవీ బ్లాక్" (గుండె పై గదుల నుంచి కింది గదులకి కరెంటు ఆలస్యంగా వెళ్ళడం) అని కొట్టింది, అదేంటండీ అంటే వయసుకి మామూలే అనేశారు. బ్లాక్ అన్న మాట చూసి అమ్మ రక్తనాళం మూసుకుపోయిందనుకుని రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

ఇక్కడ ఈసీజీ తీసే అమ్మాయికి దండం పెట్టాలి. "బాబాయ్ గారూ, కదలకండి" అంటూ ఛాతీ మీద వెంట్రుకలు తీసేసి, పక్కటెముకలు వేలితో లెక్కపెట్టి నాలుగో సందులో ఛాతీకి అంటించే మొదటి రెండు రబ్బరు బల్బులు పెట్టింది, అవి పైకి జరిగితే లేని బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కింది గదుల్లోకి కరెంటు తీసుకెళ్ళే కొమ్మలో అడ్డంకి) ఉన్నట్టు కనపడొచ్చంట. తర్వాత లీడ్ 2 అనే గీత ఒక్కటే ఒక నిమిషం పాటు పొడుగ్గా తీసింది.

ఆ పొడుగు కాగితంలోనే దొరికింది. డాక్టర్ గారు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని "ఇది గొట్టం ప్రాబ్లం కాదమ్మా, కరెంటు ప్రాబ్లం" అని గళ్ళు లెక్కపెట్టి చూపించారు. ఒక చిన్న గడి అంటే 0.04 సెకను, పీ (పై గదుల కరెంటు చూపే చిన్న గుట్ట) మొదలైన దగ్గర్నుంచి క్యూఆర్ఎస్ (కింది గదుల కరెంటు చూపే నిటారు గీత) మొదలయ్యే దాకా 3 నుంచి 5 గళ్ళు ఉండాలి, నాన్నకి 7, తర్వాత 8, తర్వాత 10, ఆ తర్వాత పీ ఉంది గానీ దాని వెనక బీట్ లేదు, మళ్ళీ 7 నుంచి మొదలు. దీన్ని వెంకెబాక్ అంటారంట. అలా పెరగకుండా ఉన్నట్టుండి బీట్ పోతే అది మోబిట్జ్ 2, చాలావరకు పేస్‌మేకర్ (గుండెకి కరెంటు అందించే చిన్న మెషీన్) దాకా వెళ్తుందన్నారు. క్యూఆర్ఎస్ 3 గళ్ళ లోపే ఉంది కాబట్టి కింద కరెంటు కొమ్మలు బానే ఉన్నాయన్నారు. అప్పుడు మందుల సంచీ అడిగారు, బీపీకి వేసుకునే మెటోప్రొలాల్ చూసి, అది ఈ కరెంటుని ఇంకా నెమ్మది చేస్తుందని మార్చారు, 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ మెషీన్) పెట్టారు. మూడు వారాలకి మళ్ళీ తీస్తే 5 గళ్ళు, నాన్న ఇప్పుడు ఆగకుండా మెట్లెక్కుతున్నారు.

టోకెన్ తీసుకున్నా రెండు గంటలు కూర్చోవాలి, పార్కింగ్ అస్సలు లేదు. ఈసీజీ కాగితం ఎండకి, వేడికి వెలిసిపోతుంది, అక్కడే జిరాక్స్ తీయించుకోండి. పాత ఈసీజీలు ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి, డాక్టర్ గారు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తారు.