హోల్లొఖ్ గుహలో ఒక రాత్రి: ఆల్ప్స్ కింద చలికాలపు యాత్ర

స్విట్జర్లాండ్ అనగానే మనవాళ్ళ ప్లాన్‌లో యుంగ్‌ఫ్రావ్, టిట్లిస్, ఇంటర్‌లాకెన్ ఉంటాయి. ముయోటాటాల్ లోయ పేరు ఎవరి లిస్టులోనూ కనిపించదు. ఆ లోయలో కొండ అడుగున హోల్లొఖ్ గుహ ఉంది. ఇప్పటిదాకా కొలిచిన దారులే 200 కిలోమీటర్లు దాటాయి, కొలత ఇంకా సాగుతూనే ఉంది. యూరప్‌లోని అతి పొడవైన గుహల్లో ఇదొకటి. గుహలంటే ఇష్టమున్నవాళ్ళు మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఇక్కడికి రావాలని నా అభిప్రాయం. అదీ చలికాలంలో రావాలి, వీలైతే రాత్రి లోపలే పడుకునే ట్రిప్ తీసుకోవాలి.

జూరిక్ నుంచి రైల్లో ష్వీట్స్, అక్కడి నుంచి లోయలోకి బస్సు. స్విస్ ట్రావెల్ పాస్ రెండింటికీ పనికొస్తుంది. సాయంత్రమయ్యాక బస్సులు తగ్గిపోతాయి కాబట్టి గుహలోకి వెళ్ళే ముందు రాత్రి లోయలోనే ఉండటం మేలు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. వంటగది మాత్రం ఏడింటికే మూసేశారు. ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు. జూరిక్‌లో ఉండే మా బావ సంచీలో చపాతీలు, కందిపొడి పెట్టుకొచ్చాడు కాబట్టి ఆ రాత్రి గడిచింది. లూసర్న్ సరస్సు పక్కన బ్రున్నెన్ ఊళ్ళో హోటళ్ళు ఎక్కువ, తిండికి ఇబ్బంది ఉండదు, కానీ పొద్దున్నే లేచి రావాల్సి ఉంటుంది.

ఎండాకాలం కాకుండా చలికాలమే ఎందుకని అందరూ అడుగుతారు. పైన సిల్బెరెన్ అనే సున్నపురాయి పీఠభూమి ఉంది. అక్కడ మట్టి తక్కువ, పగుళ్ళు ఎక్కువ. పడిన వాన పడినట్టే రాతిలోకి దిగిపోతుంది. చలికాలంలో ఆ నీరంతా మంచుగా పైనే ఆగిపోతుంది కాబట్టి లోపల దారులు పొడిబారతాయి. ఎండాకాలంలో పెద్ద వాన పడితే లోపల నీటిమట్టం వంద మీటర్లకు పైగా లేచిన సందర్భాలున్నాయి. పైగా ద్వారానికి దగ్గరలో ఉన్న పల్లపు భాగాలు ముందే మునుగుతాయి. లోపల ఉన్నవాళ్ళకు తిరుగుదారి ఉండదు. 1952 ఆగస్టులో ఈ గుహను ఏళ్ళ తరబడి పరిశోధించిన ఆల్‌ఫ్రెడ్ బోగ్లీ, ఆయన సహచరులు పది రోజులు ఇలాగే చిక్కుకుపోయి, నీళ్ళు తగ్గాక ప్రాణాలతో బయటపడ్డారు. గత శతాబ్దం మొదట్లో ఒక బెల్జియం కంపెనీ మెట్లు, రెయిలింగులు, కరెంటు దీపాలు పెట్టి దీన్ని టూరిస్టులకు తెరిచింది. కొన్నేళ్ళకే వరద వచ్చి అదంతా పాడుచేసింది. అందుకే ఇప్పుడు లోపల కరెంటు దీపాల్లేవు. తలకు కట్టుకున్న లైటే వెలుతురు.

సామాన్లన్నీ ట్రిప్ నడిపేవాళ్ళే ఇచ్చారు: ఒంటిని పూర్తిగా కప్పే ఓవరాల్, రబ్బరు బూట్లు, హెల్మెట్, గ్లౌజులు, నిచ్చెనల దగ్గర తగిలించుకోవడానికి బెల్టు. బూట్ల సైజులు చాలా ఉన్నాయి, కాళ్ళు చిన్నగా ఉండేవాళ్ళు కంగారు పడక్కర్లేదు. లోపల ఏడాది పొడవునా సుమారు 6 డిగ్రీలే. నడుస్తున్నంతసేపూ చెమటలు పడతాయి, ఆగిన రెండో నిమిషంలో వణుకు మొదలవుతుంది. కాటన్ బనియన్ వేసుకోకండి. తడిస్తే ఇక ఆరదు.

ఈ గుహలో దారి తెలుసుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఫోన్ సిగ్నల్ ఉండదు, జీపీఎస్ పనిచెయ్యదు. గైడ్ దగ్గర మ్యాప్ ఉంది కానీ చాలా దారులు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పోతుంటాయి, కాగితం మీద గీతలన్నీ కలిసిపోయి కనిపిస్తాయి. ఆయన మ్యాప్ కన్నా గోడల్నే ఎక్కువ చూశాడు. ఒకచోట ఆగి లైటును గోడకు పక్కవాటుగా పెట్టాడు. అప్పటిదాకా నున్నగా కనిపించిన రాయి నిండా, చెంచాతో గీరినట్టు చిన్న చిన్న గుంటలు తేలాయి. ప్రతి గుంటకూ ఒక అంచు నిటారుగా, రెండోది ఏటవాలుగా ఉంది. నిటారు అంచు ఏ వైపుంటే నీళ్ళు అటు నుంచి వచ్చినట్టు. గుంటలు ఎంత చిన్నవైతే ప్రవాహం అంత వేగం. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట పారిన నీళ్ళ దిక్కు వేలితో తడిమి చూడొచ్చు! మా బావ గ్లౌజు తీసేసి చాలాసేపు ఆ గోడ దగ్గరే నిలబడ్డాడు.

దారి చీలిన ప్రతిచోటా గైడ్ మమ్మల్ని ఆపి వెనక్కి తిప్పాడు. "ఇప్పుడు చూసుకోండి, తిరిగొచ్చేటప్పుడు మీకు కనిపించేది ఇదే" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఒకటే అనుకున్న దారి, వెనక్కి తిరిగి చూస్తే మూడు నోళ్ళుగా కనిపించింది. ఆ తర్వాత మాలో ఒకరిని ముందు నడవమని, తాను వెనకాల ఉండి, తప్పు దారి పట్టేదాకా మాట్లాడకుండా చూశాడు. ఇలా నేర్పే గైడ్ దొరికితే ఎంతిచ్చినా తక్కువే. గాలి కూడా దారి చెబుతుంది. చలికాలంలో లోపలి వెచ్చని గాలి పై రంధ్రాల గుండా కొండ మీదికి పోతుంది, ఆ వెలితిని నింపడానికి కింది ద్వారం నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. ఇరుకు దారిలో అది మొహానికి బాగా తగులుతుంది.

రాత్రి బివాక్, అంటే లోపల పడుకునే మకాం, నీటికి అందనంత ఎత్తులో, ఇసుక, బంకమట్టి పరిచిన ఒక వెడల్పాటి చోట ఉంది. పరుపులు, స్లీపింగ్ బ్యాగులు అక్కడే ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి బ్యాగు కొంచెం చెమ్మగానే అనిపిస్తుంది, అయినా లోపల దూరాక వెచ్చగానే ఉంది. వేడివేడి సూప్, బ్రెడ్, చీజ్ పెట్టారు. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే రాయండి, మాకు విడిగా వండారు. చెత్త మొత్తం, మలం సహా, బయటికి మోసుకెళ్ళాల్సిందే. దానికి సీలు పెట్టే సంచులు ఇస్తారు. మొదట ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ ఈ నియమం వల్లే గుహ అంత శుభ్రంగా ఉంది. లైట్లు ఆపేశాక ఎక్కడో చుక్క నీళ్ళు పడే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇరుకు చోట్లంటే టెన్షన్ పడేవాళ్ళు మాత్రం ముందు కొద్ది గంటల చిన్న టూర్ చేసి చూసుకోవాలి.

గుహలో పాకడం మనవల్ల కాదనుకుంటే ఆస్ట్రియా వైపు వెళ్ళండి. వెర్ఫెన్‌లోని ఐస్‌రీజెన్‌వెల్ట్ 42 కిలోమీటర్ల గుహ. టూరిస్టులు చూసేది మంచు ఉన్న మొదటి కిలోమీటరే. లోపల ఎక్కి దిగేవి కలిపి 1400 మెట్లు. చేతికి కార్బైడ్ లాంతర్లు ఇస్తారు, ఫొటోలు తియ్యనివ్వరు. మంచు స్తంభాల వెనక గైడ్ మెగ్నీషియం వెలిగించినప్పుడు కనిపించే నీలం రంగు మరిచిపోలేం. అయితే ఎండాకాలంలో కేబుల్ కార్ దగ్గరే చాలాసేపు లైన్లో నిలబడాలి, లోపల గుంపు వెనక గుంపు. నిలబడి చూసే తీరిక ఉండదు. హాల్‌స్టాట్‌కు వెళ్ళేవాళ్ళకు పక్కనే ఓబెర్‌ట్రౌన్‌లో డాక్‌స్టైన్ మంచు గుహ, మామూత్ గుహ రెండూ ఒకే కొండ మీద ఉన్నాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు అన్నిటికన్నా వీలైనది అదే.

మన బెలుం గుహలు చూసినవాళ్ళకు లోపలి ఉక్కపోత గుర్తుండే ఉంటుంది. ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. 1980ల్లో బెలుం గుహల్ని వివరంగా కొలిచింది జర్మన్ గుహాన్వేషకులు. అక్కడ సుమారు మూడు కిలోమీటర్లు కొలిచారని తెలిసినవాడికి, ఇక్కడి 200 కిలోమీటర్ల వెనక ఎంతమంది కష్టం ఉందో ఊహించడం తేలిక.

ఖర్చు సంగతి చెప్పాలంటే రాత్రి ట్రిప్‌కు మనిషికి కొన్ని వందల ఫ్రాంకులు అవుతుంది. పైన ఫ్యోన్ అనే వెచ్చని కొండగాలి వీచినా, వాన సూచన ఉన్నా మంచు కరుగుతుందని ట్రిప్ రద్దు చేస్తారు, అప్పుడు బతిమాలినా లోపలికి తీసుకెళ్ళరు. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకుని, డబ్బు వాపసు ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.